రెండో బ్యాచ్ రెడ్ ఏల్

2020 నవంబరులో నాకు అప్పగించిన పని ఇది: దుకాణాల్లో క్యాన్లలో అమ్మడానికి వీలుగా ఒక స్ట్రాంగ్ రెడ్ ఏల్‌ను, అంటే ఘాటైన ఎర్ర రంగు బీరును, రూపొందించాలి. అప్పటికి నేను ఐర్లండ్‌లో, కిల్కెన్నీకి కొద్ది దూరంలో ఉన్న ఒక చిన్న బ్రూవరీలో క్వాలిటీ మేనేజర్ని. క్వాలిటీ మేనేజర్ అంటే, తయారైన ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించి, రుచి చూసి, విడుదల పత్రం మీద సంతకం పెట్టేవాడు. ఆ సంతకం లేకుండా ఒక్క పీపా కూడా గేటు దాటదు. ఆ ఒక్క విషయంలో యజమానురాలు నోరా మాట కూడా నా తర్వాతే.

నాది అనకాపల్లి. హైదరాబాద్ దగ్గర ఒక బీరు ఫ్యాక్టరీ లాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. నా భార్య సుగుణకు ఐర్లండ్‌లో నర్సు ఉద్యోగం రావడంతో ఆమె వెంట వచ్చాను. వచ్చిన ఏడాదే ఈ బ్రూవరీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. మా తెలుగు చర్చిలో ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే సుగుణ 'లాబ్‌లో చేస్తారు' అని చెప్పి మాట మార్చేది. అది అబద్ధం కాదు. తను మాత్రం మా పెళ్ళయిన నాటి నుంచి బీరు సీసాను ముట్టుకుని ఎరగదు.

మా సరుకంతా పీపాల్లో పబ్బులకే వెళ్ళేది. మహమ్మారితో పబ్బులు మూతపడ్డాయి, దాంతో బ్రూవరీ ఆగిపోయింది. వేల లీటర్లు పట్టే ట్యాంకుల్లో ప్రయోగాలు చేయలేం కాబట్టి, ఇంట్లో బీరు కాచుకునే ఇరవై లీటర్ల హోమ్‌బ్రూ సామగ్రితో మా ఇంటి వెనక షెడ్డులోనే ప్రయత్నించమని నోరా చెప్పింది. రెసిపీ కుదిరితే వసంతకాలానికి మళ్ళీ పెద్ద ట్యాంకు నడపవచ్చని, సిబ్బందిని నిలబెట్టుకోవచ్చని ఆమె ఆశ.

రెడ్ ఏల్‌లో ముందు పలకాల్సింది మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. కాల్చిన రొట్టె అంచు, పాకం రంగు తిరిగిన పంచదార, ఆ రుచులన్నీ దానివే. హాప్స్ అనే తీగ పూలు చేదునిస్తాయి. మామూలు రెడ్ ఏల్‌లో కొద్దిపాటి చేదు సరిపోతుంది. ఏడు శాతం ఆల్కహాలున్న స్ట్రాంగ్ ఏల్‌కు మాల్ట్ చాలా ఎక్కువ పోయాలి, తీపి కూడా అంతకు తగ్గట్టు పెరుగుతుంది. ఆ తీపికి సరితూగేంత చేదు కావాలి కాని, చేదే ముందుకు వస్తే అది ఇంకేదో బీరు అవుతుంది. చేదును మేము ఒక అంకెలో లెక్కిస్తాం. మొదటి బ్యాచ్‌కు నేను పెట్టిన అంకె ఇరవై ఐదు.

రుచికి నా మీద పై అధికారి మైకల్. మా బ్రూవరీలో హెడ్ బ్రూవర్‌గా రిటైరైన మనిషి, వయసు డెబ్భై ఆరు. నాకు ఐరిష్ బీరు రుచి చూడటం నేర్పింది ఆయనే. రిటైరయ్యాక కూడా కొత్త రెసిపీ ఏదైనా ఆయన నాలుక మీదుగా వెళ్ళాల్సిందే. ఆ వయసువాళ్ళు ఇల్లు కదలకూడదు, మేము వాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళకూడదు. ఆయన ఇల్లు మాకు లాక్‌డౌన్‌లో తిరగనిచ్చే ఐదు కిలోమీటర్ల లోపే, కాబట్టి నమూనాలు గేటు దగ్గర పెట్టి వచ్చేవాణ్ణి. క్రిస్మస్‌కు ముందు మొదటి బ్యాచ్ తాగి ఫోన్ చేశాడు.

"మొదటి గ్లాసు గ్రాండ్, ప్రసాద్. రెండోది మాత్రం ఎవరూ అడగరు. తీపి."

నా నాలుకా అదే చెప్పింది. రెండో బ్యాచ్‌కు మాల్ట్ అలాగే ఉంచి, చేదును ముప్ఫై ఎనిమిదికి పెంచి, జనవరి మొదటి వారంలో కాచాను. నాలుగు రోజుల తర్వాత సుగుణకు కోవిడ్ పాజిటివ్ వచ్చింది. మరో రెండు రోజులకు నాకు. సుగుణ తొందరగానే లేచింది. నేను పది రోజులు మంచం దిగలేదు.

లేచిన రోజు షెడ్డుకు వెళ్ళి చూస్తే థర్మామీటరు పన్నెండు డిగ్రీలు చూపిస్తోంది. పద్ధతి ప్రకారం బీరు పద్దెనిమిది డిగ్రీల్లో పులియాలి, చివరి మూడు రోజులు ఇరవై ఒకటికి పెంచాలి. హీటరు ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. హైడ్రోమీటరు వేసి చూశాను. అది ద్రవం సాంద్రతను కొలిచే గాజు గొట్టం. నీటిని వెయ్యిగా తీసుకుంటే, మాల్ట్ రసం వెయ్యిన్ని డెబ్భై దగ్గర మొదలై, చక్కెరంతా పులిశాక వెయ్యిన్ని పదిహేడుకు దిగాలి. నాది వెయ్యిన్ని ఇరవై రెండు దగ్గర ఆగింది. ముదురు మాల్ట్ ఎక్కువ వేశాను కదా, అందుకే అనుకుని రాసుకున్నాను.

అదే వారం వంటింట్లో సుగుణ పోపు పెట్టి ఫోన్ రావడంతో హాల్లోకి వెళ్ళింది. నేను పొయ్యి పక్కనే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఆమె పరుగున వచ్చి పొయ్యి కట్టేసింది. మూకుడులో ఆవాలు నల్లగా మాడి, గది నిండా పొగ.

"ఏవండీ, పక్కనే ఉండి చూసుకోలేదా? మాడు వాసన రాలేదా మీకు?"

"జలుబు ఇంకా తగ్గలేదు," అన్నాను.

ఆ మధ్యాహ్నం ఇంగువ డబ్బా, ఆవకాయ జాడీ, కాఫీ పొడి వరసగా మూత తీసి చూశాను. ఏ వాసనా రాలేదు. నాలుక మీద తీపి, చేదు, ఉప్పు, పులుపు మాత్రం తెలుస్తున్నాయి. సుగుణ రోజూ అడిగేది, వాసన వస్తోందా అని. కొంచెం కొంచెం వస్తోందని చెప్పేవాణ్ణి. అరవై ఒకటో ఏట, ముక్కు పోయిన క్వాలిటీ మేనేజర్ని ఎవరు ఉంచుకుంటారన్నది నా భయం. రెండు మూడు వారాల్లో తిరిగి వస్తుంది, ఈలోపు ఎవరికీ తెలియనవసరం లేదని నిశ్చయించుకున్నాను.

జనవరి చివర నోరాకు రెండో బ్యాచ్ నివేదిక, ఒక సీసా నమూనా పంపాల్సి వచ్చింది. బీరు పుక్కిలించాను. నాలుకకు తీపి బరువుగా తగిలింది, చేదు వెనకబడినట్టు అనిపించింది. వాసన అన్న గడిలో మొదటి బ్యాచ్ కాగితం చూసి 'పాకం, కాల్చిన రొట్టె' అని ఎక్కించాను. లోపాల గడిలో 'లేవు' అని రాశాను. సిఫారసు: పెద్ద ట్యాంకులో చేదును నలభై ఐదుకు పెంచవచ్చు. కింద సంతకం పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో తెలిసి చేసిన తప్పుడు సంతకం అదొక్కటే.

మర్నాడు శుక్రవారం. ఒక సీసా నమూనా మైకల్ గేటు దగ్గర పెట్టి వచ్చాను. గంటలో ఫోన్ వచ్చింది.

"నీ కాగితం నోరా నాకూ పంపింది. లోపాలు లేవని రాశావు."

"అవును."

"ఇది వెన్నముద్దలా వాసన కొడుతోంది, ప్రసాద్. నిన్న కాక మొన్న చేరినవాడికి కూడా తెలుస్తుంది. నీ ముక్కు పనిచేస్తోందా?"

పక్కనున్న నమూనా సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"లేదు," అన్నాను.

"నోరాకు తెలుసా?"

"తెలియదు."

"సోమవారం పొద్దున్న ఆమె మాల్టూ హాప్సూ తెప్పిస్తోంది. ఇవాళే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది, అది నాకు ఇష్టం లేదు."

ఫోన్ పెట్టేసి, మిగిలిన నమూనా గ్లాసులో పోసి వంటింట్లోకి తీసుకెళ్ళాను. తాగనక్కర్లేదు, వాసన చూసి చెప్పమని సుగుణను అడిగాను. ఆమె గ్లాసును దూరంగా పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"వెన్న కాచినట్టుంది. బీరంటే ఇలా ఉంటుందా?"

"ఉండకూడదు."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి నావైపు చూసింది. "అంటే మీకు తెలియట్లేదన్నమాట. రోజూ అడుగుతున్నాను కదండీ. పేషెంట్లు అబద్ధం చెప్తే కనిపెడతాను. మీరు చెప్తారనుకోలేదు."

ఆ వంటింట్లోంచే నోరాకు ఫోన్ చేసి, వాసన పోయిన సంగతి, నివేదికలో వాసన గడి నేను పాత కాగితం చూసి ఎక్కించిన సంగతి, వరసగా చెప్పాను.

"నీ సంతకం ఉందని నేను సీసా మూత కూడా తియ్యలేదు," అంది నోరా. "అది నన్ను బాధపెడుతోంది. సరే, ఇప్పుడేం చేద్దాం?"

ఆ ప్రశ్నకు మాత్రం నేను సిద్ధంగా ఉన్నాను. ఈస్ట్ పులియబెట్టే మొదటి రోజుల్లో వెన్న వాసన వచ్చే పదార్థం ఒకటి తయారవుతుంది. వెచ్చగా ఉంటే అదే ఈస్ట్ చివర్లో దాన్ని తిరిగి తినేస్తుంది. చల్లబడితే పని సగంలో వదిలి నిద్రపోతుంది. పులియని చక్కెరా, వెన్న వాసనా కలిసి మాల్ట్‌ను ఉన్నదానికంటే బరువుగా చూపిస్తాయి. నేను ఆ దొంగ బరువుకు విరుగుడుగా హాప్స్ పెంచబోయాను. ఈ పాఠం కొత్తగా చేరినవాళ్ళకు ఏటా చెప్పింది నేనే. పన్నెండు డిగ్రీలు, వెయ్యిన్ని ఇరవై రెండు, ఈ రెండు అంకెలూ నా పుస్తకంలోనే ఉన్నాయి.

పులిసే పీపాను షెడ్డులోంచి వంటింట్లోకి మార్చాను. సుగుణ ఒక ప్రెస్ ఖాళీ చేసి ఇచ్చింది. ఇక్కడ అల్మరాను ప్రెస్ అంటారు. అడుగున పేరుకున్న ఈస్ట్‌ను మెల్లగా కదిపి, ఇరవై ఒక్క డిగ్రీల్లో ఉంచాను. రోజూ పొద్దున హైడ్రోమీటరు నేను చూసేవాణ్ణి, డ్యూటీకి వెళ్ళే ముందు వాసన సుగుణ చూసేది. 'ఇంకా ఉంది', 'తగ్గింది' అని రెండు మాటల్లో చెప్పి కారెక్కేది. ఎనిమిదో రోజు సాంద్రత వెయ్యిన్ని పదిహేడు. ఆమె రెండుసార్లు వాసన చూసి 'వెన్న లేదు, బిస్కెట్ లాగుంది' అంది.

తర్వాత అసలు ప్రశ్న మిగిలింది. చేదు ఎంత? మరో బ్యాచ్ కాచి చూడటానికి నెల పడుతుంది. అంత వ్యవధి లేదు. నా దగ్గర ఇరవై ఐదు చేదున్న మొదటి బ్యాచ్ సీసాలున్నాయి, ముప్ఫై ఎనిమిదున్న రెండోది సిద్ధమైంది. రెంటినీ వేర్వేరు పాళ్ళలో కలిపి ఐదు రకాల నమూనాలు చేశాను. సీసాల మీద పేర్లు లేకుండా మూడంకెల సంఖ్యలు మాత్రం వేశాను, ఏది ఏదో ఊహించే వీలు లేకుండా. నోరా, మైకల్, ఊళ్ళోనే ఉండే మరో ఇద్దరు సిబ్బంది, నలుగురి గుమ్మాల ముందూ పెట్టి వచ్చాను. శనివారం ఉదయం పదకొండింటికి, నాలుక చురుగ్గా ఉండే వేళ, అందరూ ఫోన్ లైన్లోకి వచ్చారు. ఒకే ప్రశ్న వేశాను: వీటిలో దేన్ని రెండో గ్లాసు అడుగుతారు?

ముగ్గురు ఒకే సంఖ్య చెప్పారు. అది మొదటి బ్యాచ్ ఒక వంతు, రెండోది రెండు వంతులు కలిపినది. లెక్కకడితే చేదు ముప్ఫై నాలుగు. మైకల్ సగం సగం కలిపినదాన్ని ఎంచాడు. నాకు రుచి పూర్తిగా తెలిసి ఉంటే ఆయన వైపే మొగ్గేవాణ్ణి, అది అలవాటు. తెలియదు కాబట్టి ముగ్గురి మాట రాశాను. మైకల్ అభ్యంతరం పెట్టలేదు. "నా కాలంలో తీపి ఎక్కువ ఇష్టపడేవాళ్ళం. ముప్ఫై నాలుగే పెట్టు," అన్నాడు.

మార్చిలో పెద్ద ట్యాంకులో కాచాం. ఏప్రిల్‌లో క్యాన్లు నింపాం. పబ్బులు తలుపులు తెరిచే లోపు దుకాణాల్లో ఆ ఏల్ నిలదొక్కుకుంది. సిబ్బందిలో ఎవరి ఉద్యోగమూ పోలేదు, నాది కూడా. నేను పోగొట్టుకున్నది రుచి పత్రం మీద సంతకం పెట్టే అధికారం. నేనే రాసిచ్చిన కొత్త నియమం ప్రకారం, రుచి చూసేవాళ్ళు ప్రతి ఉదయం మూత పెట్టిన మూడు గిన్నెల్లో లవంగం, కాఫీ, వెనిగర్ ఏవో గుర్తుపట్టాలి. మూడింట్లో ఒకటి తప్పినా ఆ రోజు సంతకం లేదు. నేను శరదృతువు దాకా తప్పుతూనే ఉన్నాను. అంతవరకూ అంకెల పత్రం మీద నేను, రుచి పత్రం మీద నోరా సంతకం పెట్టాం. మరుసటి ఏడాది రిటైరయ్యాను.

ఈ వృత్తిలో ముక్కు కూడా ఒక పరికరమే. హైడ్రోమీటరు పగిలితే ఎవరూ దాచరు, వెంటనే రాసి పక్కన పెడతారు. నా ముక్కు విషయంలో నేను ఆ పని చేయలేదు. తీపి ఎక్కువనిపించినప్పుడు చేదు పెంచడం ఎవరైనా చేస్తారు. ఆ తీపి ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తేల్చడమే క్వాలిటీ మేనేజర్ పని. అంకెలు నాకు మైకల్ ఫోన్ చేయకముందే సమాధానం చెప్పాయి. నేను నా స్థానం కాపాడుకునే పనిలో ఉండి వాటిని పట్టించుకోలేదు.