ఖాదర్ సార్ చదివించిన కాగితాలు

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల వేడి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఆఫీసులో పిల్లలు నవ్వుకుంటారు. వాళ్లు ఖాదర్ సార్‌ను చూడలేదు.

ప్రొద్దుటూరులో మాది ఆసుపత్రులకు పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కువైట్‌లో కంప్యూటర్ల పని చేసి తిరిగొచ్చిన ఖాదర్ సార్ దాని యజమాని. నోరు మహా కటువు. డేటాబేసులో ఏ కాలమ్ పెట్టినా అందులో ఏముంటుందో పక్కనే తెలుగులో ఒక ముక్క రాయాలనేవారు. అదీ మా సొంత తెలివితో కాదు. "ఈడ ఫ్యాను కింద కూచోని రాస్తాండావేందప్పా? బస్సెక్కిపో. ఆడ నర్సమ్మ ఏ మాటంటాదో ఆ మాటే రాయి" అని తరిమేవారు. తర్వాత నల్లటి తెర మీద ఒక్క కమాండు కొడితే, చిన్న టూల్ ఒకటి ఆ ముక్కలన్నీ ఏరి, శీర్షికలతో, పట్టికలతో చక్కటి పత్రం తయారుచేసేది. సార్ దాన్ని అచ్చు తీయించి, రాసినవాడి చేత కాక ఇంకొకరి చేత పైకి చదివించేవారు. ఇదేం చాదస్తంరా బాబూ అని మేం వెనకాల తెగ ఎగతాళి చేసేవాళ్లం.

ఒక ప్రైవేటు ఆసుపత్రికి జమ్మలమడుగులో, పులివెందులలో శాఖలుండేవి. రెండింటి డేటాబేసులూ వేరు. సార్ తొందరపెడితే రెండూ కలిపేశాం. మర్నాడు పొద్దున పాతవాటి పత్రాలు తీసి నా చేతికిచ్చారు. జమ్మలమడుగు కాగితం చదివాను: "పెన్సిలిన్. పడేవాళ్లకు 1." పులివెందులది తీశాను: "పెన్సిలిన్. పడనివాళ్లకు 1."

కలిపేటప్పుడు అందరికీ జమ్మలమడుగు పద్ధతే పెట్టాం. అంటే ఆ మందు పడని పులివెందుల వాళ్లందరికీ కంప్యూటర్లో "ఇవ్వవచ్చు" అని కనిపిస్తోంది.

"మళ్లా చదువు," అన్నారు సార్. చదివాను. చేతిలో టీ ఒలికిపోతున్నా ఆయన చూసుకోలేదు. ఫోను అందుకుని, "అమ్మా, ఖాదర్‌ను. పెన్సిలిన్ ఎవురికీ ఎయ్యొద్దు! కంప్యూటర్లో ఏం కనపడినా నమ్మొద్దు!" అని అరిచారు. పులివెందుల నర్సు, "సూది చేతిలోనే ఉంది సార్," అంది.

లింగాల నుంచి వచ్చిన, ఆ మందు పడని ఒకామెకు వేయబోయిన సూది అది. చీనీ తోటలో బత్తాయి చెట్టు ముల్లు దిగి కాలు వాచిందట. తప్పు సరిచేసి ఆ మధ్యాహ్నమే ఇద్దరం పులివెందుల బస్సెక్కాం. "రెండు కాగితాలూ నిజమే గదప్పా," అన్నారు సార్, కిటికీలోంచి చూస్తూ. "చదివినాంక కలపాల. నేను కలిపినాంక చదివించినా." ఆయన అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆమె మంచం మీద కట్టు కట్టిన కాలు చాపుకుని అన్నం తింటోంది. "ఎవురు నాయనా మీరు? యాడనుంచి వచ్చినారు?" అని అడిగింది. సార్ నా వంక చూశారు.

"కంప్యూటరోళ్లం అమ్మా. ఊరికే చూసిపోదామని," అన్నాను.

"నాకేం నాయనా, బాగుండా. కూచోండి," అంటూ కాలు పక్కకు జరుపుకుని చోటిచ్చింది.

ఇప్పుడు నేనూ చదివించాకే ఏదైనా కలుపుతాను. ఎన్ని పేజీలున్నా వదలను. పులివెందుల కాలమ్‌లోని ఒక 1 ఆమే. ఆ రోజు నుంచి నాకు ఏ పట్టికలోనూ ఉత్త అంకె కనబడలేదు.