పిస్తోలుకు బొట్టు

భీమశంకరానికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కంటపడిన వస్తువుకల్లా బొట్టు పెడతాడు. కుంకుమబొట్టు కాదు, నెయిల్ పాలిష్ బొట్టు. దసరానాడు కారుకీ లాప్‌టాప్‌కీ అందరూ బొట్టు పెడతారు, మర్నాడు మర్చిపోతారు. ఈ మహానుభావుడికి మాత్రం ఏడాది పొడుగునా ఆయుధపూజే. జేబులో పెన్ను ఉండాల్సిన చోట సీసా ఉంటుంది. ఎవరు ఏ వస్తువును చూసి విసుక్కున్నా, మూత తిప్పుతూ, "దానికంత బాధెందుకూ? ఒక్క బొట్టు పెడితే సరి!" అంటాడు.

అమెరికాలో వాళ్ళుండే ఫ్రిస్కోలో ఇళ్ళన్నీ ఒకే తీరుగా ఉంటాయి కదా, తన ఇల్లు గుర్తుపట్టడానికి ఒకసారి మెయిల్‌బాక్స్‌కి నారింజరంగు బొట్టు పెట్టాడు. కాలనీ అసోసియేషన్ తాఖీదు పంపింది. ఆ తాఖీదు ఎక్కడ కలిసిపోతుందోనని దానిమీదా ఓ బొట్టు పెట్టి దాచుకున్నాడు.

ఈ బొట్లకు మొదటి బాధితుడు జగదీష్. ఇరవయ్యేళ్ళ కిందట ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. ఉప్పు డబ్బాకీ సర్ఫ్ డబ్బాకీ తేడా తెలియాలని శంకరం రెండిటికీ ఒకే రంగు బొట్టు పెట్టాడు. ఆ పూట పప్పు నురగలు కక్కింది.

అలాంటివాణ్ణి జగదీష్ తనే ఇంటికి పిలిచి, పిస్తోలు ముందు పెట్టాడంటే ప్రాణం మీదికి వచ్చిందనే అర్థం.

జగదీష్ శనివారాలు షూటింగ్ రేంజ్‌కి వెళ్తాడు. పిస్తోలు కొసన ఫ్రంట్ సైట్ అని చిన్న ముల్లు ఉంటుంది. దాన్ని చూస్తూ గురిపెట్టాలి. ఆర్నెల్లుగా ఆ ముల్లు మసకబారుతోంది. వాళ్ళ నాన్నకు నలభై ఎనిమిదో ఏట నీటికాసులు, అదే గ్లకోమా, వచ్చి చూపు పోయింది. జగదీష్‌కి మొన్ననే నలభై ఏడు నిండాయి. కంటి డాక్టర్ పేరెత్తితే చాలు, ఒళ్ళంతా చెమట. భార్య వసుమతికి కూడా చెప్పలేదు. తప్పు కళ్ళది కాదు, ముల్లుది అనుకుంటేనే అతనికి నిద్ర పడుతోంది.

"ముల్లు నల్లగుందిరా శంకరం. కనబడ్తలేదు."

"ఓస్, ఇంతేనా! ఒక్క బొట్టు పెడితే సరి!"

పిస్తోలు ఖాళీగా ఉందని మూడుసార్లు చూసుకుని, తూటాలు పక్కగదిలో పెట్టించాడు శంకరం. టేబుల్ మీద పాత టవల్ పరిచాడు. స్పిరిట్ దూదితో జిడ్డు తుడిచి, టూత్‌పిక్ కొసతో ముందు తెల్లరంగు పెట్టాడు. అది ఆరాక పైన నారింజ.

"కింద తెలుపుంటేనే పైరంగు మెరుస్తుందిరా. పెళ్ళికూతురి బొట్టుకైనా ఇంత శ్రద్ధ పెట్టరు."

జగదీష్ చెయ్యి చాపి చూశాడు. "మసకగనే ఉంది."

మరుసటి వారం ఆకుపచ్చ. మసకే. ఆపై వారం, కళ్ళు జిగేలుమనే పసుపు. వసుమతి వంటింట్లోంచే చూసి, "అబ్బ, ఇక్కడిదాకా కొట్టొచ్చినట్టు కనబడుతోంది అన్నయ్యగారూ!" అంది.

అంత దూరాన ఆమెకు కనబడిన బొట్టు మూరెడు దూరంలో తనకు కనబడలేదు. జగదీష్ పిస్తోలు టవల్ మీద పెట్టేసి కళ్ళు నులుముకున్నాడు. శంకరం మాత్రం తాపీగా సీసా మూత బిగించాడు.

"ఇక నావల్ల కాదురా. ఇలాంటివి చూసే స్పెషలిస్టు ఒకావిడ ఉంది. శనివారం పదింటికి అపాయింట్‌మెంట్ బుక్ చేశా."

"పిస్తోలు తేవాల్నా?"

"వద్దు. ఆవిడకి నువ్వొస్తే చాలు."

శనివారం కారు ఆగిన చోట, బోర్డు మీద ఇంత పెద్ద కన్ను బొమ్మ.

"కండ్ల దవాఖాన గదరా ఇది! నేను రాను."

"రాకపోతే నీ కొత్త కారు నిండా బొట్లు పెడతా."

జగదీష్ దిగాడు. వాడు అన్నంత పనీ చేస్తాడు మరి.

డాక్టర్ అవని అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. రాగానే జగదీష్ కళ్ళలో చుక్కలు వేసింది. "చూశావా? డాక్టరమ్మదీ మన పద్ధతే!" అని పొంగిపోయాడు శంకరం. గంటసేపు ఏవేవో పరీక్షలు. జగదీష్ కుర్చీ చేతులు వదిలితే ఒట్టు.

"అంకుల్, ప్రెషర్ ఫైన్. నెర్వ్ ఫైన్. గ్లకోమా లేదు. మీ డాడ్‌కి ఉండేది కాబట్టి ఎవ్రీ ఇయర్ చెక్ చేయించుకోండి. ఇది జస్ట్... మా అమ్మమ్మ ఏదో అంటుంది... చత్... చత్..."

"చత్వారమా?" అని అరిచాడు జగదీష్.

"యా, చత్వారం! గ్లాసెస్ పెట్టుకుంటే చాలు."

నలభై దాటినవాళ్ళందరికీ వచ్చే చత్వారం! దీనికా తను ఆర్నెల్లు చచ్చి బతికింది! జగదీష్ పడీ పడీ నవ్వాడు. హమ్మయ్య, హమ్మయ్య అంటూ డాక్టరమ్మకు రెండు చేతులా దండం పెట్టాడు.

వారానికి కళ్ళజోడు వచ్చింది. అది పెట్టుకుని జగదీష్ తన ఇల్లు తను కొత్తగా చూసుకున్నాడు. మైక్రోవేవ్‌లో స్టార్ట్ బటన్ మీద బొట్టు. స్టవ్ నాబ్‌కి ‘ఆఫ్’ దగ్గర బొట్టు. బీపీ మాత్రల సీసాల్లో పొద్దుటిదానికి ఒకటి, సాయంత్రందానికి రెండు. ఆర్నెల్లుగా ఒక్కొక్కటే పెడుతుంటే, ఇల్లు ఖరాబు చేస్తున్నావని శంకరాన్ని తిట్టిపోశాడు. ఇప్పుడు చూస్తే అన్నీ తను తడుముకున్న చోట్లే.

"నీకెప్పుడు తెలిసిందిరా?" అని అడిగాడు, శంకరం రాగానే.

"రెస్టారెంట్లో మెనూ కార్డు పక్క టేబుల్ దాకా చాపి చదివావు చూడు, అప్పుడు."

"మరి చెప్పకపోతివి?"

"కళ్ళ మాటెత్తితే కరుస్తావాయె! పిస్తోలు దొరికింది కదాని టెస్ట్ చేశా. మొదటి రంగే ముల్లుకిరా. మిగతా రెండూ నీ కళ్ళకి."

జగదీష్ మొహం కనబడనివ్వకుండా స్టవ్ మీదికి వంగాడు.

"గంత ప్రేముంటే బొట్టు సక్కగ పెట్టొద్దారా? ‘ఆఫ్’ మీద లేదిది, ‘లో’ మంట మీదుంది!"

"ఏదీ?" అంటూ వచ్చాడు శంకరం. ముందుకు వంగాడు, వెనక్కి జరిగాడు, కళ్ళు చికిలించాడు. లాభం లేక జగదీష్ ముక్కు మీది జోడు లాక్కుని పెట్టుకున్నాడు.

"ఓర్నీ! నిజమేరోయ్!"

వసుమతి అప్పటికే అవని క్లినిక్‌కి ఫోన్ కలుపుతోంది.

"బాధెందుకు అన్నయ్యగారూ? ఒక్క చుక్క వేయిస్తే సరి!"