మాచర్ల బస్సు ఎక్కని క్యాసెట్

1986 మే నెలలో నేను ఒక దినపత్రికకు నరసరావుపేట విలేకరిని. ఒక మధ్యాహ్నం, మాచర్ల బస్సులో పంపాల్సిన క్యాసెట్‌ను సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఆ క్యాసెట్ మాచర్ల విలేకరి సైదాది. రాతలో మాలో ఎవరూ అతనికి సాటిరారు. కానీ నత్తి. ఎదురుగా అంతగా తడబడడు, ఫోను పట్టుకుంటే గొంతు బిగుసుకుపోతుంది. అర్జంటు వార్తను ట్రంక్‌కాల్ చేసి, పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్క్‌కు చదివి వినిపించాలి. కాల్‌కు మూడు నిమిషాలు. అందుకని సైదా వార్త రాసి బస్సులో పంపేవాడు, నేను ఫోనులో చదివేవాణ్ణి. మెప్పు నా గొంతుకు వచ్చేది.

హైదరాబాదులో ఒక స్పీచ్ థెరపిస్టు అతన్ని ఒకసారి చూసి, ఆపైన పాఠాలు పోస్టులో పంపసాగారు. క్యాసెట్‌కు ఒకవైపు ఆమె పాఠం. సైదా ఇంట్లోనే సాధన చేసి, రెండోవైపు తన గొంతు రికార్డు చేసి తిప్పి పంపాలి. అది విని ఆమె తరువాతి పాఠం చెప్పేవారు. మాచర్లలో తెలిస్తే నవ్వుతారని సైదా నా చిరునామా ఇచ్చాడు. క్యాసెట్లు రానూపోనూ నా చేతిమీదుగానే.

ఒకటి తిప్పి పంపేముందు విన్నాను. నేను ఫోనులో చదివిన వార్తనే సైదా చదువుతున్నాడు. నేను పరుగెత్తిన చోట అతను ఊపిరి తీసుకున్నాడు. నాకంటే బాగా చదివాడు. క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను.

అప్పుడే పత్రిక మాలాంటి పార్ట్‌టైమ్ విలేకరుల్లో ఒకరిని నెలజీతం మీద స్టాఫ్ రిపోర్టరుగా తీసుకోదలచి, మా ఇద్దరినీ ఒకే రోజు ఫోనులో వార్త చెప్పమంది. అంతకు వారం ముందు వచ్చిన క్యాసెట్ మీద ఆమె చేతిరాత: "ఫోనులో మొదటి మాట".

సైదా వెతుక్కుంటూ వచ్చాడు.

"క్యాసెట్ రాలేదా అన్నా?"

"రాలా. పోస్టాఫీసోళ్ల సంగతి తెలుసుగా."

"నువ్వే దాచుకుని ఇంటన్నావేమోలే. మేడం గొంతు చానా బాగుంటది."

ఇద్దరం నవ్వాం.

పరీక్షలో సైదా మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. మూడు నిమిషాలూ అయిపోయాయి. డెస్క్ ఇన్‌ఛార్జి నాతో, "మీవాడు రాస్తే బంగారం, నోరు తెరిస్తే లైను కట్టయినట్టే. ఉద్యోగం నీదేనయ్యా" అన్నాడు.

మరునాడు క్యాసెట్‌ను, వచ్చిన కవరుతో సహా, బస్సులో పంపాను. ఏడాది తిరక్కుండా సైదా తన వార్తలు తానే ఫోనులో చెప్పసాగాడు. నేను ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను.

ఇతరుల మాట మన చేతిమీదుగా పోయే వృత్తిలో ఆలస్యం చేయడం కూడా అబద్ధమాడటమేనని అప్పుడు తెలిసింది. కవరు మీద, ఊరు చేరిన రోజున వేసే నరసరావుపేట పోస్టాఫీసు ముద్ర, అందులో పరీక్షకు వారం ముందటి తేదీ స్పష్టంగా ఉన్నాయి. సైదా వాటిని చూశాడో లేదో నాకు నేటికీ తెలియదు.