మేకర్ గడిలో పేరు

దయామణి నోరు ఊరికే ఉండదని తోటలో అందరికీ తెలుసు. అసలు నోరు విప్పాల్సిన రోజున మాత్రం తప్పు మాట అనేసింది.

నూజివీడు దగ్గర వెంకటకృష్ణారావు గారి మామిడి నర్సరీలో ఆవిడ ముప్పయ్యేళ్లుగా అంట్లు కడుతోంది. కాలవ గట్టున, ఎవరో తిని పారేసిన టెంక మొలిచి చెట్టయింది. దాని పండు రుచి చూసి, కొమ్మ తెచ్చి, నర్సరీ మొక్కకి అంటు కట్టింది దయామణే. అంటు కింద మొలిచే చిగుళ్లని వదిలేస్తే అవే ఏపుగా పెరిగి అంటుని చంపేస్తాయి. రెండేళ్లు రోజూ వంగి చూసి గిల్లింది. తర్వాత రోడ్డు కోసం కాలవ గట్టు చెట్టు కొట్టేశారు. ఇప్పుడా కాయ కాసేది ఆవిడ కట్టిన చెట్టే.

నిరుడు మామిడి ప్రదర్శనకి ఆ కాయలు పంపుదామని రావుగారి మనవరాలు సాయి ప్రియ ఫోన్లో ఫారం నింపుతోంది.

"మేకర్ అని ఉంది దయామణమ్మా. ఎవరి పేరు రాయను?"

"మేకరంటే ఏంటి పాపా?"

"తయారు చేసినవాళ్లు."

హనుమాన్ జంక్షన్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మీద ఆ మాట చూసింది. రావుగారి వంటింట్లో కాఫీ మేకరుంది, అయినా కాఫీ కలిపేది ఆయన భార్య సీతారావమ్మ గారే. చర్చిలో మేకరంటే పైనున్న ఆయనొక్కడే. ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పేవాళ్లెవరూ నేను చేశాననరు, ప్రభువు చేశాడంటారు. ఆ అలవాటే నోటికొచ్చేసింది.

"చేసింది దేవుడమ్మా. నాదేముంది."

అదేంటి, నువ్వే కదా అంటుందని ఎదురుచూసింది. పాప అనలేదు. తాతగారి పేరు టైపు చేసేసింది.

బహుమతి వచ్చింది. రావుగారి ఫొటో, పక్కన మేకరని ఆయన పేరు వేసి నర్సరీ గేటుకి ఫ్లెక్సీ కట్టారు. దాని కిందే మొక్కలకి నీళ్లు పోస్తున్న దయామణికి కడుపు మండిపోయింది. ఎవరి మీదని మండాలి? పాప మోసం చెయ్యలేదు, రావుగారు అబద్ధమాడలేదు. వినయం ఒలకబోసింది తనే. ఆదివారం ప్రార్థనలో కళ్లు మూసుకున్నా ఆ ఫ్లెక్సీయే కనపడింది.

ఈ ఏడు మళ్లీ ఫారం వచ్చింది. సాయి ప్రియ ఫోన్ తీసేసరికి దయామణి మట్టిచేతులతోనే వచ్చి ముందు నిలబడింది.

"మేకరన్న చోట దయామణి అని రాయి పాపా."

"మరి దేవుడన్నావుగా?"

"దేవుడికి నేను చెప్పుకుంటాలే. నువ్వు రాయి."

కుర్చీలో రావుగారు పేపరు దించి చూశారు. పేరు పూర్తయ్యేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.