గుండ్రటి అక్షరాల చాటున

కిందటి వారం మా ఇంటికి కొత్త లాప్‌టాప్ వచ్చింది. పెట్టె విప్పి, ప్లగ్గు పెట్టి, ఏ భాష కావాలని అది అడిగితే తెలుగు అన్నదాన్ని నొక్కాను. దేన్నీ డౌన్‌లోడ్ చేయలేదు, ఎవరినీ పిలిచి బతిమాలలేదు. తెర మీద తెలుగు నల్లగా, నిండుగా, ఏ ఒత్తు ఏ అక్షరానిదో తెలిసేలా వచ్చి కూర్చుంది. కనాటా అనే ఈ పరాయిదేశపు ఊళ్లో, ఇదే ఇంట్లో ఇలాంటి తెలుగు కోసం ఒక మనిషి పడ్డ పాట్లు గుర్తొచ్చి, సంతోషపడాల్సిన దాన్ని కాస్తా దిగులుపడి కూర్చున్నాను. ఆ మనిషి మా ఆయన. పక్క గదిలోనే రేడియో వింటున్నారు. పిలిచి చూపిద్దామని నోటిదాకా వచ్చింది కానీ పిలవలేదు.

మా ఆయన టెలికాం ఇంజనీరు. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో కంప్యూటర్‌కి తెలుగనేది ఒకటుందనే తెలియదు. తర్వాత్తర్వాత ఎవరైనా తెలుగులో ఈమెయిల్ పంపితే వరసగా ఖాళీ డబ్బాలు కనబడేవి. ఆ డబ్బాల్ని చూసి కూడా "మనవాళ్లెవరో రాశారోయ్" అని మురిసిపోయేవారాయన. ఆ పైన స్నేహితులిచ్చిన ఫాంట్లు వచ్చాయి. మా ఇంట్లో ముచ్చటగా టైప్ చేసింది ఇంకొకరింట్లో తెరిస్తే కొరుకుడుపడని గజిబిజి. చివరికి కంప్యూటర్‌తో పాటే ఒక తెలుగు ఫాంట్ వచ్చిన రోజున నాచేత సేమ్యా పాయసం చేయించారు. నేను గరిటె పట్టుకునే వెళ్లి చూసి, "ఇంత సన్నగా ఉందేమిటండీ, ఒత్తులు చీమతలకాయల్లా ఉన్నాయి" అన్నాను. "అసలంటూ వచ్చిందిగా! బాగుపడటానికి టైమ్ పడుతుంది, ఓపిక పట్టాలి" అన్నారు. అది నిజంగానే నెమ్మదిగా బాగుపడుతూ వచ్చింది కూడా.

ఆయన రిటైరయ్యేనాటికి ఇక్కడి కాలేజీలకు మన పిల్లలు వెల్లువలా రావడం మొదలైంది. మా బేస్‌మెంట్‌లో ముగ్గురమ్మాయిలు దిగారు. పొద్దున క్లాసులు, సాయంత్రం షిఫ్టులు. మంచులో బస్సు కోసం నిలబడితే అదెప్పుడొస్తుందో దానికే తెలియదు. చూడలేక ఆయనే కార్లో దింపి, మళ్లీ తీసుకొచ్చేవారు. ఇది కాక ఆయనకు ఇంకో వ్యాపకం ఉండేది. పంతులుగారు దొరకని ఇళ్లలో సత్యనారాయణ వ్రతం చేయించడం. పట్టుపంచె, భుజాన కండువా, ఎదురుగా పీట మీద లాప్‌టాప్. కథ మొత్తం స్వయంగా టైప్ చేసుకున్నారు, అక్షరాలు కావాల్సినంత పెద్దవి చేసుకోవచ్చని. దక్షిణ పుచ్చుకోరు కానీ పులిహోర మాత్రం ఇంటికి కట్టించుకునేవారు.

ఒక గృహప్రవేశంలో ఆయన మూడో అధ్యాయం చదువుతూ చదువుతూ నాలుగో అధ్యాయం మధ్యలోకి వెళ్లిపోయారు. అధ్యాయానికొక కొబ్బరికాయ కొట్టడం మా ఆనవాయితీ. అంతా అయ్యాక చూస్తే ఒక కాయ మిగిలిపోయింది. ఇల్లుగలావిడ దాన్ని చేత్తో పట్టుకుని బిక్కమొహం వేసింది. మా ఆయన తొణకలేదు. "అప్‌డేట్ తర్వాత ఫాంట్ పాడైందమ్మా, లైన్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి" అన్నారు. అక్కడున్నవాళ్లలో సగంమంది సాఫ్ట్‌వేర్ వాళ్లే. అయ్యో అవునవునంటూ లాప్‌టాప్ చుట్టూ మూగారు. ఒకరు సెట్టింగుల్లో దూరారు, ఒకరు వేరే ఫాంట్ మార్చి చూడమన్నారు. తెలుగు ఫాంట్‌ని తిట్టడం మాకు చలిని తిట్టినంత అలవాటు. ఆయన కళ్లకేసి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇక అప్పటినుంచి ఏడాదిపాటు ఇంట్లో ఇదే తంతు. ఫాంట్ మారుస్తారు, లావు చేస్తారు, సైజు పెంచుతారు, వెనక పసుపు రంగు వేస్తారు. "మధ్యలో అక్షరాలు వంకర్లు పోతున్నాయోయ్, మసకేస్తోంది" అంటూ నన్ను పిలిచేవారు. నేను వచ్చి చూసేదాన్ని. తెలుగు అక్షరంలో తిన్నగా ఏడ్చేది ఏముంది గనక! అన్నీ సున్నాలు, మెలికలు. వంకరన్నారంటే వంకరేనేమో అనుకునేదాన్ని. "ఇంగ్లీషు బాగానే ఉందా?" అంటే, "దాన్ని చదివేదెవరు, టీవీ చెబుతోందిగా" అనేవారు. అంతలో ఒక సాయంత్రం, వెనక ముగ్గురు పిల్లలుండగా, కారు ఫుట్‌పాత్ ఎక్కి దిగింది. కరిగిన మంచు మీద లైట్లు మెరిసి అంచు తెలియలేదన్నారు. పిల్లలు ఆ సంగతి నవ్వుతూ చెప్పారు, నేనూ నవ్వాను. కానీ ఆనాటినుంచి కారు గ్యారేజీలోకి తిరిగొచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. ఆ పిల్లల్ని కన్నవాళ్లు మమ్మల్ని నమ్మి నిద్రపోతున్నారు మరి.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ముగ్గురిలో కరీంనగర్ అమ్మాయి, ఎవరిని ఎప్పుడు దింపాలో తెలిసేలా తమ షిఫ్టులన్నీ ఒక టేబుల్‌గా వేసి ఆయన లాప్‌టాప్‌లో తెరిచి చూపించింది. ఆయన నవ్వారు. "ఏంటమ్మా, గళ్లు ఇలా మెలికలు మెలికలుగా గీశావు? నడుమ ఒక గడి ఎగరగొట్టేశావు కూడా!" అన్నారు. ఆ పిల్ల నవ్వలేదు. తిన్నగా వంటింట్లోకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, అంకుల్‌కి గీతలు వంకర కనిపిస్తున్నయంట. అవి నేను చేత్తోని గీసినయి కావు, కంప్యూటర్ గీసినయి. వంకరెట్లుంటయి? ఇది ఫాంట్ ప్రాబ్లం కాదాంటీ. అంకుల్‌ని డాక్టర్‌కి చూపియ్యుండ్రి."

"ఆయన వినరే తల్లీ. ఇంకో ఫాంట్ వేసి చూద్దామంటారు."

"అయితే రేపటిసంది నేను కార్ల ఎక్కనని చెప్పుండ్రి. బస్సుకే పోత."

ఆ మాటలు ముందుగదిలోకి వినబడ్డాయి. ఆయన లాప్‌టాప్ మూసేశారు. నన్ను పిలిచి, "అపాయింట్‌మెంట్ తీసుకో" అన్నారు. ఆరోజు ఇంకో ఫాంట్ వేసి చూద్దామని కూడా అనలేదు, నాకు భయమేసింది.

డాక్టరమ్మ దగ్గరికి కారు నేనే నడిపాను. ఆవిడ ఆయన చేతికి ఒక గళ్ల కాగితమిచ్చి, ఒక్కొక్క కన్నూ మూయించి చూడమంది. ఆ అమ్మాయి గళ్లు చెప్పిందే ఈ గళ్లూ చెప్పాయి. కంటి వెనక పొరలో సన్నటి రక్తనాళాలు కారుతున్నాయి. ఒక కంటికి నడిమి చూపు పోయింది, రెండోది అదే దారిలో ఉంది. ఇంజెక్షన్లతో ఉన్నదాన్ని కొంత నిలబెట్టవచ్చు, పోయింది మాత్రం రాదు. గీతలు మొదట వంకరపోయినప్పుడే వచ్చుంటే చాలా మిగిలేదంది. ఇక డ్రైవింగ్ వద్దంది. బయట పార్కింగ్‌లో ఆయన తన తాళాలు తీసి నా చేతిలో పెట్టారు. "మరి ఫాంట్ బాగానే ఉందన్నమాట" అన్నారు, నవ్వబోయి. నాకు ఏడుపాగలేదు.

ఇంజెక్షన్లు వేయించాం, వేయిస్తూనే ఉన్నాం. వెలుగు తెలుస్తుంది, గుమ్మం తెలుస్తుంది. నా మొహం మధ్యలో మాత్రం ఏమీ లేదంటారు. తెలుగు అక్షరం కంప్యూటర్‌లోకి రావాలని, వచ్చాక బాగుపడాలని మేం ఏళ్లకేళ్లు ఓపిక పట్టాం. ఓపిక పట్టడమే అలవాటై, పట్టకూడని ఆ ఒక్క ఏడాదినీ అలాగే వెళ్లనిచ్చేశాం.