ఇద్దరు సింహాచలాలు, ఒకే చీటీ

2022 వర్షాకాలం. ఒడిశాలోని గుణుపురంలో నాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, దరఖాస్తులు కొట్టడంతో పాటు చుట్టుపక్కల దుకాణాలకు చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా రాసిచ్చేవాణ్ణి. ఆ విద్య ఏ కాలేజీలోనూ రాలేదు. ఊరి లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నాను. అందువల్ల కాస్త గర్వం కూడా ఉండేది.

మా వీధిలో చంద్రరావు గారి కళ్ళజోళ్ళ షాపు ఉంది. కంటి పరీక్ష చీటీలన్నీ ఆయన చెప్పుల అట్టపెట్టెలో పడేసేవారు. వానొస్తే మాకు నెట్ ఉండదు కనుక, వాటిని ఆయన కంప్యూటర్‌లో, బ్రౌజర్‌లోనే దాచే డేటాబేస్ కట్టిచ్చాను. ప్రతి చీటీకి ఒక నంబరు, అది 'కీ'. నంబరు ఎవరికీ గుర్తుండదు కాబట్టి పేర్లతో ఒక 'ఇండెక్స్' పెట్టాను.

"మన లైబ్రరీలో కార్డుల డ్రాయరు చూశారు కదండీ? అందులో పుస్తకం ఉండదు. పుస్తకం నంబరుంటుంది. ఇదీ అంతే. పేరు కొడితే 'గెట్‌కీ' అనే ఆజ్ఞ చీటీ నంబరు తెచ్చిస్తుంది" అని ఉపన్యాసమిచ్చాను.

"అట్టపెట్టె పారేయొచ్చా, వొద్దా? అది సెప్పు ముందు" అన్నారాయన.

పారేయమన్నాను. ఆయన లోపలెక్కడో దాచారు.

మూడో వారం దర్జీ పని చేసే సింహాచలం అక్క చంద్రరావు గారి షాపులోకి వచ్చి కొత్త కళ్ళజోడు బల్లమీద పెట్టింది. నేను అక్కడే ఉన్నాను.

"ఏటి బాబూ ఇది? సూది బెజ్జం కనపడాలని జోడు సేయించుకుంటే సూదే కనపడ్డం నేదు. రోడ్డవతల కాకి మాత్రం సక్కగా కనపడతంది. కాకికేటి, రవిక కుట్టమంటారా?"

"కొత్త కదక్కా, అలవాటవుతుంది" అన్నాను. అలవాటు గురించి కూడా ఎక్కడో చదివాను.

"సనివారానికి నలభై ఇస్కూలు గౌన్లు ఇవ్వాల. ఇవ్వకపోతే ఆ పని ఇంకోరికి ఇచ్చేస్తామన్నారు. నా కళ్ళకి అలవాటయ్యేసరికి ఆ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి!"

అద్దాలు నూరినవాడి తప్పే అయ్యుంటుందని తేల్చాం. చంద్రరావు గారు పేరు కొట్టి, వచ్చిన చీటీ ప్రకారం మళ్ళీ అద్దాలు చేయించారు. గురువారం అవి రాగానే, జోడు బాగుచేశాం తీసుకెళ్ళమని కంప్యూటర్ చూపిన ఫోన్ నంబరుకు కబురు చేశారు.

గంటలో పద్మపూర్ బస్సు దిగి ఒక రైతు వచ్చాడు. గొడుగులోంచి నీళ్ళు, ముక్కు మీద కళ్ళజోడు.

"ఏటి బాబూ, నా జోడు సెడిపోనాదని పోన్ సేసేరట? నాకు సుబ్బరంగా కనపడతందే! మా మడి అవతలి గట్టు మీద ఎవుడి గేదె మేస్తందో కూడా సెప్పేస్తన్నాను."

"మీ పేరు?"

"సింహాచలం."

అప్పుడే లోపలికొస్తున్న దర్జీ అక్క "ఏటి?" అని పలికింది.

మా వైపు సింహాచలం ఆడవాళ్ళ పేరూ, మగవాళ్ళ పేరూ. ఇంటింటికీ ఒకరుంటారు. ఆ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నా ప్రోగ్రాముకే తెలియదు. ఒకే పేరు ఎన్ని చీటీల మీద ఉన్నా గెట్‌కీ మొదటిదాని నంబరు మాత్రమే ఇస్తుంది. అందుకే రెండుసార్లూ అక్కకి రైతు అద్దాలే చేయించాం. ఫోను కూడా ఆయనకే చేశాం.

"అయితే నాకు బస్సు సార్జీ దండగేనా?" అన్నాడు రైతు.

"నీకు బస్సు సార్జీ. నాకు నలభై గౌన్లు" అంది అక్క. "ఏం బాబూ, పుస్తకాలు సదివేనన్నావు, మా ఊళ్ళో కల్లు పాకకాడ కూడా సింహాచలం అంటే 'ఏ సింహాచలం?' అని అడుగుతారు!"

ఆ మాటకి మా లైబ్రేరియన్ గుర్తొచ్చారు. ఒడియా ఆయన. పుస్తకం పేరు చెబితే డ్రాయరు లాగి, కార్డులన్నీ తిప్పి, తలెత్తకుండా "కేఉంటా?" అనేవారు. ఏది, అని. ఒకే పేరుతో మూడు పుస్తకాలుంటే మూడు కార్డులూ తీసి చూపేవారు. డ్రాయరు సంగతి నేర్చుకున్నాను గానీ, డ్రాయరు దగ్గర కూర్చున్న మనిషి అడిగే ప్రశ్న నేర్చుకోలేదు.

చంద్రరావు గారు లోపలికెళ్ళి అట్టపెట్టె తెచ్చారు. అక్క చీటీ అందులో దొరికింది. అందులో ఉన్న ఆమె అసలు పవర్‌తో అప్పటికప్పుడు అద్దాలు నూరించడానికి మనిషిని పంపారు. నేను గెట్‌కీ తీసేసి, ఆ పేరున్న నంబర్లన్నీ ఇచ్చే 'గెట్ ఆల్ కీస్' పెట్టాను. ఒకటి కన్నా ఎక్కువ వస్తే ఊరు, ఫోన్ నంబరు వరసగా చూపించి, పైన పెద్ద అక్షరాలతో అడిగేలా చేశాను: కేఉంటా?

శుక్రవారం పొద్దున్నే అక్క వచ్చింది. చంద్రరావు గారు పేరు కొట్టారు. తెరమీద ఐదుగురు సింహాచలాలు వరస కట్టారు. అక్క కొత్త జోడు తగిలించుకుని, గుణుపురం అనీ తన ఫోన్ నంబరూ ఉన్న పేరు మీద వేలు పెట్టింది. పైట కొంగుకు గుచ్చుకున్న సూది తీసి, దారం ఒక్కసారికే ఎక్కించి, నా చొక్కా పట్టుకుంది.

"బొత్తాం ఊడిపోనాది, ఇన్నాళ్ళూ సూసుకున్నావా? ఇలారా, కుట్టేసి పోతాను."

కుట్టించుకున్నాను. అప్పటి నుంచి ఏ దుకాణానికి పని చేసినా, కాగితం తీసి మొదట అడిగేది ఒకటే: మీ దగ్గర ఒకే పేరున్నవాళ్ళు ఎంతమంది?