చెప్పులేసుకుని స్నానం చేసే ఇల్లు

2022 చలికాలం. సౌదీలోని అల్ ఖోబర్‌లో చలిగాలి మొదలైందంటే మాలాంటి వాళ్లకు పని పెరుగుతుంది. ఎండాకాలమంతా ఎవరికీ పట్టని గీజర్లు అప్పుడే ఒక్కసారిగా అందరికీ గుర్తొస్తాయి. నాది ఇళ్ల మెయింటెనెన్స్ పని. కొళాయిలు, కరెంటు, తలుపులు, తాళాలు, ఏది చెడిపోయినా చూస్తాను. మాది రాయచోటి పక్క పల్లె. ఈ ఊళ్లో పదిహేనేళ్లుగా ఎన్నో ఇళ్లకు వెళ్లాను గానీ, ఆ ఇల్లు మాత్రం మరిచిపోలేను.

ఒక శనివారం పొద్దున ఒకామె ఫోన్ చేసింది. "మస్తాన్ గారేనాండీ? కిచెన్‌లో ట్యాప్ కారుతోంది. ఆ ఒక్కటే పని. వస్తారా?" మాట తీరును బట్టి కోస్తా వాళ్లని తెలిసింది. వెళ్లాను. మూడో అంతస్తు. ఆమె పేరు పద్మజ. భర్త శ్రీనివాస్ గారు కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇంజనీరు. వాళ్లది కాకినాడ. నాలుగో తరగతి చదివే కూతురు హారిక.

ట్యాప్ పని పది నిమిషాల్లో అయిపోయింది. లోపలి వాషర్, అంటే నీటిని ఆపే రబ్బరు బిళ్ల, అరిగిపోయింది. మార్చేశాను. అయితే సింకు కింద వాల్వు కట్టేటప్పుడు చూశాను, అక్కడున్న అల్మారా తలుపు ఒక్క కీలు మీద వేలాడుతోంది. ఊడి పడకుండా రిబ్బనుతో కట్టారు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాను తిరగడం లేదు. బాల్కనీ తలుపు జరగదట. బట్టలన్నీ హాల్లోనే ఆరేసి ఉన్నాయి.

"ఇవి ఎప్పటి నుంచి ఇట్లా ఉన్నాయమ్మా?" అని అడిగాను.

"మేం దిగినప్పటి నుంచీనండి. ఎనిమిదేళ్లు," అని నవ్వారామె.

శ్రీనివాస్ గారు సోఫాలోంచే అందుకున్నారు. "వచ్చే ఏడాది ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్లిపోతాం కదా మస్తాన్ గారూ. అద్దె ఇల్లు. ఎవరి కోసం బాగుచేయించాలి?"

ఎగ్జిట్ అంటే ఇక్కడి ఉద్యోగం, ఇఖామా అనే నివాస అనుమతి వదులుకుని శాశ్వతంగా మన దేశం వెళ్లిపోవడానికి ఇచ్చే అనుమతి. ఆ మాట నేను ప్రతి ఇంట్లోనూ వింటాను. చేతులు కడుక్కుందామని బాత్రూమ్ వైపు వెళ్లాను. గుమ్మం పక్కన మూడు జతల రబ్బరు చెప్పులు వరసగా పెట్టి ఉన్నాయి.

"అంకుల్, చెప్పులేసుకోండి! లేకపోతే ట్యాప్ జివ్వుమంటుంది," అని హారిక వెనకనుంచి అరిచింది.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏమీ లేదండి," అంటూ పద్మజ గారు వచ్చారు. "గీజర్ ఆన్‌లో ఉంటే కొంచెం జివ్వుమంటుంది, అంతే. చెప్పులేసుకుంటే ఏమీ ఉండదు. స్నానం కూడా అలాగే చేస్తాం."

టెస్టర్ తీసి ట్యాపుకు ఆనించాను. దాని లోపలి చిన్న దీపం ఎర్రగా వెలిగింది, ట్యాపులో కరెంటుందని. ముందు బ్రేకర్, అంటే కరెంటు ఆపే స్విచ్చి, దించేసి, తర్వాత గీజర్ మూత విప్పాను. లోపల నీళ్లు కాచే కడ్డీని ఎలిమెంట్ అంటాం. దాని పై తొడుగు పగిలిపోయి ఉంది. కరెంటు నేరుగా నీళ్లలోకి వస్తోంది. అట్లా దారి తప్పిన కరెంటును నేలలోకి పంపడానికే ఎర్త్ వైరు ఉంటుంది. ఎవరో దాన్ని కత్తిరించి, కొసకు టేపు చుట్టి వదిలేశారు.

"ఎవరు చేశారిలా?" అని శ్రీనివాస్ గారు అడిగారు.

"మీకంటే ముందున్న వాళ్లెవరో చేయించి ఉంటారు సార్. మాటిమాటికీ బ్రేకర్ పడిపోతోందని విసిగి, ఈ వైరు తీసేయించి ఉంటారు. బ్రేకర్ పడటం జబ్బు కాదు సార్. అది జబ్బుందని చెప్పడం. చెప్పేదాని నోరు కట్టేశారు."

"ప్రమాదమేనా?"

"పాప ఒక్కరోజు చెప్పులు మరిచిపోయి, తడికాళ్లతో ట్యాపు గట్టిగా పట్టుకుని ఉంటే..."

ఆయన బాత్రూమ్ గుమ్మం మీదే కూర్చున్నారు. ఆ చెప్పుల్ని పక్కకు నెట్టి అన్నారు, "ప్రతి ఆదివారం సైట్లో సేఫ్టీ మీటింగ్ పెట్టేది నేనేనయ్యా. చెప్పులేసుకోమని వీళ్లకు చెప్పింది కూడా నేనే. చలి రెండు నెలలే కదా అనుకున్నాను."

పద్మజ గారు గొడవ పడతారేమో అనుకున్నాను. ఆమె హారికను దగ్గరికి లాక్కుని, "మిమ్మల్ని అననండి. ఆ చెప్పులు రోజూ సర్దిపెట్టింది నేనే కదా," అన్నారు.

బిల్డింగ్ ఓనర్‌కు ఫోన్ చేసి విషయం చెబితే మర్నాడు సాయంత్రమే కొత్త గీజర్ పంపించాడు. బిగించాను. ఎర్త్ కలిపాను. కరెంటు ఏమాత్రం లీకైనా తనంతట తానే ఆగిపోయే బ్రేకర్ కూడా పెట్టాను. దానిమీద టెస్ట్ బటన్ నొక్కితే టక్కుమని కరెంటు పోయింది. హారిక చప్పట్లు కొట్టి, "ఇంకోసారి!" అంది.

నేను సామాన్లు సర్దుకుంటుంటే శ్రీనివాస్ గారు పెన్ను, కాగితం పట్టుకొచ్చారు. "ఇంట్లో ఏమేం పాడయ్యాయో ఒక్కోటీ చూసి రాద్దాం," అన్నారు.

"చూడక్కర్లేదు," అన్నారు పద్మజ గారు. వంటగదిలోంచి కదలకుండా, వేళ్లు మడుస్తూ చెప్పుకుంటూ పోయారు. పడకగది స్విచ్చి, హాల్లో ట్యూబ్‌లైటు, నీళ్లు ఆగని ఫ్లష్, పడని గడియ... మొత్తం పదకొండు. తడుముకోకుండా చెప్పారు. ఆయన రాయడం ఆపి ఆమె వంకే చూస్తుండిపోయారు.

మూడు శుక్రవారాలు పట్టింది. నిచ్చెన పట్టుకోవడానికి ఆయనే నిలబడ్డారు. అల్మారా కీలు ఎట్లా బిగించాలో నేర్చుకుని, రెండో తలుపుది తనే బిగించి, నన్ను పిలిచి మరీ చూపించారు. ఆఖరున బాల్కనీ తలుపు మిగిలింది. చక్రాల్లో ఏళ్ల తరబడి ఇసుక పేరుకుపోయింది, అంతే. కడిగి, నూనె వేస్తే ఒక్క వేలితో జరిగింది. పద్మజ గారు నాలుగుసార్లు తెరిచి మూశారు. తర్వాత రెండు కుర్చీలు బయట వేసి, నాకూ ఆయనకూ టీ ఇచ్చారు. తాను మాత్రం పిట్టగోడకు ఆనుకుని నిలబడి, వీధిలో పోయే కార్లను చూస్తూ తాగారు. స్నానం చేసి వచ్చిన హారిక తడి పాదాలతో హాలంతా పరిగెత్తింది. ఎవరూ ఆమెను ఆగమనలేదు.

ఆ సాయంత్రం తుగ్బా అనే పేటలో ఉన్న నా గదికి వెళ్లి చుట్టూ చూశాను. తొమ్మిదేళ్లుగా తెరుచుకోని కిటికీ. పిడి విరిగితే అట్టముక్క దోపి ఊరుకున్నాను. ఊరందరి ఇళ్లూ బాగుచేసేవాణ్ణి నేనే! మరుసటి శుక్రవారం నమాజు నుంచి రాగానే దాన్ని విప్పి, తుడిచి, కొత్త పిడి వేశాను. గాలి లోపలికొచ్చింది. నాతో ఉండే పర్వేజ్‌ది పాకిస్తాన్. అన్నం ముందు కూర్చుని, "ఇదివరకే ఎందుకు చేయలేదు ఉస్తాద్?" అని ఉర్దూలో అడిగాడు. కూర గిన్నె అతని వైపు జరిపాను.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఏ ఇంటికి ఏ పని మీద వెళ్లినా బయల్దేరే ముందు అడుగుతాను, "అలవాటైపోయి చెప్పకుండా వదిలేసినవి ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?" అని. ముందు ఏమీ లేవంటారు. నేను సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వస్తాను. అప్పుడు వెనకనుంచి పిలుస్తారు. "ఒక్క నిమిషం... ఒకటుంది గానీ, చిన్నదే," అంటారు.

నేను సంచి దించుతాను.